గాజుపెట్టెలో వాన

హన్నమ్మ రేకుముక్కను కాలువ అడుగున ఆనించి తనవైపుకు లాగింది. రాత్రి కురిసిన వానకు కాలువ పొంగి, తెల్లవారేసరికి తీసి, అడుగున బెత్తెడు మందాన నల్లటి మడ్డిని వదిలిపోయింది. ఆ మడ్డిలో ఏముందో చెప్పబోతే మర్యాదస్థులు మొహం తిప్పుకుంటారు. తిప్పుకోనక్కరలేదు, అది వాళ్ళదే. వంటింటి గంజి, పసిపిల్లల గుడ్డలు జాడించిన నీరు, తలంటుల కుంకుడు నురగ, పెరటి దొడ్లలోంచి వానకు కొట్టుకొచ్చిన మలం అన్నీ కలిసి నాపరాళ్ళ సందుల్లో ఇరుక్కుంటాయి. ఎండ తగలగానే పైన పొర కడుతుంది. రేకు లాగినప్పుడు ఆ పొర చీలి, లోపలి వాసన ఒక్కసారిగా లేస్తుంది. హన్నమ్మ ఆ క్షణంలో ఊపిరి బిగబట్టదు. బిగబడితే తరవాతి ఊపిరి ఇంకా లోతుకు పోతుందని పనిలో చేరిన కొత్తలోనే తెలుసుకుంది.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. ఎప్పుడు పుట్టిందో చెప్పగలిగినవాళ్ళు ఈపూరు దగ్గర ఒక కరువులో పోయారు. పొట్టి మనిషి. వంగి పనిచేయగా నడుము వంపు తిరిగి, నిటారుగా నిలబడినప్పుడు కూడా దేన్నో వెతుకుతున్నట్టే కనిపించేది. చేతివేళ్ళ చివరలు నీళ్ళలో నాని తెల్లబడి, మళ్ళీ ఎండి పగిలి, ఆ పగుళ్ళలో నలుపు నిలిచిపోయింది. సున్నంతో రుద్దినా, బూడిదతో తోమినా అది పోదు. ఆదివారం ప్రార్థనలో చేతులు జోడించినప్పుడు ఆమె వేళ్ళను లోపలికి ముడుచుకునేది. దేవుడికి కనపడకూడదని కాదు, పక్కన కూర్చున్నవాళ్ళకు కనపడకూడదని.

యుద్ధం ముగిసి ఏడాది అయింది గాని సిమెంటు మీద కంట్రోలు పోలేదు. యుద్ధం నాడే సిమెంటు దొరక్క, పల్నాటి రైలుదారిలోని ఆ పట్నంలో పెద్దవీధి కాలువను నాపరాళ్ళు నిలబెట్టి, సందుల్లో సున్నం మెత్తి కట్టారు. రెండు వానాకాలాలకు సున్నం కరిగిపోయింది. రాళ్ళు నోళ్ళు తెరుచుకున్నాయి. కాలువ పక్కనే పెరటి గోడలు, గోడల వెనకనే మంచినీళ్ళ బావులు. ఇల్లు కట్టుకునేటప్పుడు ఆగ్నేయం, ఈశాన్యం చూసుకున్నవాళ్ళకు దొడ్డికీ బావికీ మధ్య ఎంత నేల ఉందో చూసుకోవాలని తోచలేదు.

హన్నమ్మ మడ్డిని గంపకెత్తి, చేతులు కాలువ నీళ్ళలోనే కడుక్కుని, భుజాన వేలాడుతున్న గుడ్డసంచిలోంచి ఒక పొట్లం తీసింది. గురజాల వైపు పల్లెల్లో గత్తర సోకి వాంతులు, భేదులు మొదలయ్యాయని కబురు రాగా, మునిసిపాలిటీ బావుల్లో వేయడానికి ఎర్రమందు తెప్పించింది. మందు వేసే మనిషి జ్వరంతో పడుకోవడంతో ఆ పని ఆమె మీద పడింది. బావి దగ్గరకు ఆమె పోకూడదు. అందువల్ల పెరటి గోడమీద పొట్లం పెట్టి, కేక వేసి, పక్కకు తప్పుకోవాలి. ఇంటివాళ్ళు దాన్ని బిందెడు నీళ్ళలో కలిపి బావిలో పోసుకోవాలి. ఇదీ ఏర్పాటు. ఏర్పాటు చేసినవాళ్ళు చదువుకున్నవాళ్ళు.

"అమ్మగోరూ! బాయిలోకి మందమ్మా. ఇనస్పెట్రు సాయిబుగారు పంపిచ్చాడు."

మిరపకాయల వ్యాపారి బ్రహ్మయ్య భార్య రామలక్ష్మమ్మ తడిబట్టతో పెరట్లోకి వచ్చింది. పొట్లాన్ని దూరం నుంచే చూసింది.

"ఏందే అది?"

"ఎర్రమందమ్మా. బిందెడు నీళ్ళల్లో కలిపి పొయ్యమన్నాడు."

"ముట్టింది నువ్వు, మోసుకొచ్చింది నువ్వు. దాన్ని తీసకపోయి బాయిలో పోస్తే, మా బాయికి పుణ్యావచనం ఎవడు చేస్తాడే? మీ సాయిబా?"

"అట్టగాదమ్మా. గత్తర వస్తదంట."

"వస్తే మీ పాలేనికొస్తది. మడిగట్టుకునే కొంపకి ఎందుకొస్తదే? చోద్యం గాకపోతే!"

దండెం మీది బట్టలు తీసే కర్రతో ఆమె పొట్లాన్ని గోడమీంచి ఇవతలికి తోసింది. అది కాలువలో పడి విచ్చుకుంది. నీళ్ళు ముందు వంకాయ రంగుకు, తరవాత మోదుగుపూల రంగుకు తిరిగి, రాళ్ళ వెంట మెల్లగా సాగిపోయాయి. ఆ పూట పెద్దవీధి మొత్తంలో మందు పడింది ఒక్క కాలువలోనే.

రామలక్ష్మమ్మ దుర్మార్గురాలు కాదు. దుర్మార్గురాలైతే లెక్క తేలికగా తేలిపోయేది. రోజూ హన్నమ్మ సందు శుభ్రం చేశాక ఆమె చద్దన్నం పెడుతుంది. నిన్నటి పచ్చడి కూడా వేస్తుంది. పండగనాడు అరిసె పెడుతుంది. ఆ రోజూ విస్తరాకులో అన్నం గోడపక్కన జారవిడిచి, చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"దోసిలి పట్టు. కిందికి పట్టవే! చెంబుకి తగిలిచ్చావంటే చింతపండెట్టి తోమలేక చావాలి."

హన్నమ్మ గొంతుకు కూర్చుని దోసిలి పట్టింది. పైనుంచి నీళ్ళు ధారగా పడ్డాయి. నోటి దగ్గరకు తెచ్చుకున్నప్పుడు నానిన ఆకుల వాసన వేసింది. ఆమె ఒక్క గుక్క మింగి ఆగింది.

"ఏం? బాగలేవా? వానాకాలం బాయి నీళ్ళు అట్టాగే ఉంటయ్యి. ఆమధ్య సీసాలో నీళ్ళు తెచ్చుకున్నావుగా మహారాణీ, మా నీళ్ళు నీకు పనికిరాక!"

"అయ్యో, అదేం లేదమ్మా," అని హన్నమ్మ మిగిలినవీ తాగింది. సీసా తెచ్చుకున్న పాపానికి వారం రోజులు చద్దన్నం ఆగిపోయిన సంగతి ఆమె మరిచిపోలేదు.

అక్కణ్ణుంచి ఆమె పాలేనికి నడిచింది. సానిటరీ ఇన్‌స్పెక్టరు అబ్దుల్ గఫార్ ఆ మధ్యాహ్నం మునిసిపల్ మెంబర్లకు ఏదో చూపించబోతున్నాడు. దానికి తేటనీళ్ళు కావాలన్నాడు. ఊళ్ళోని బావులన్నీ వానకు మసకబారాయి. తేటగా ఉన్నది పాలెం బావి ఒక్కటే.

ఆ బావి గురించి చెప్పాలి. పాలెం ఊరికి దూరంగా, రాతినేల మీద ఉంది. అక్కడ నీళ్ళు పడవని అందరూ అనేవాళ్ళు. అంతకుముందు పాలెం ఆడవాళ్ళు పెద్దబావి గట్టుకు అవతల కుండలు వరసగా పెట్టుకుని, ఎవరైనా దయతలచి ఒక చేద ఒంపేదాకా నిలబడేవాళ్ళు. పొద్దెక్కేది. ఇంట్లో పిల్లలు ఏడ్చేవాళ్ళు. ఒంపేవాళ్ళకు ఒక్కోసారి సరదా పుట్టి కుండలో కాక నెత్తిమీద ఒంపి నవ్వేవాళ్ళు. హన్నమ్మ భర్త యోబు నాపరాతి గనుల్లో రాయి కొట్టేవాడు. అతనూ మరికొందరూ గని పనిలేని వేసవులన్నీ ఆ రాతిలోకి దిగారు. సమ్మెటలు మొద్దుబారాయి. ఎగతాళి చేసినవాళ్ళు అలిసిపోయారు. చివరికి ఒకనాడు రాతి పగులులోంచి నీరు చెమ్మగిల్లింది. యోబు ఆ నీళ్ళు తాగి అయిదారేళ్ళు బతికి, రాతిదుమ్ము దగ్గుతో పోయాడు. హన్నమ్మకు అతను విడిచిన ఆస్తి అంటూ ఏమీ లేదు. సొంత చేద, సొంత తాడు, తన చేత్తో తోడుకునే నీళ్ళు, అంతే. పొద్దంతా ఇతరుల మలం ఎత్తిన మనిషికి ఆ ఒక్క చోట ఎవరూ "దూరం" అనేవాళ్ళు కాదు.

ఆమె రెండు బిందెలు నింపి, ఒకటి నెత్తిన, ఒకటి చంకన పెట్టుకుని మునిసిపల్ ఆఫీసు వరండా చేరింది.

గఫార్ తయారుచేసిన వస్తువు బల్లమీద ఉంది. అది ఒక దేవదారు పెట్టె. ఒక పక్క చెక్క తీసేసి, పటాలు కట్టే దుకాణం నుంచి తెచ్చిన అద్దం బిగించాడు. లోపల అడుగున ఇసుక, పైన మట్టి. మట్టిమీద పలక ముక్కలతో కట్టిన వేలెడు వెడల్పు కాలువ. దానికి కొద్ది దూరంలో అద్దానికి ఆనించి, చిల్లులు పొడిచిన పాలడబ్బాను నిలువునా పాతి బావి చేశాడు. మదరాసులో చదువుకున్న రోజుల్లో ఇటువంటిది చూశాడట. నెలరోజులుగా సాయంత్రాలు కూర్చుని, చేతులకు మట్టి అంటించుకుని కట్టాడు. ఊరికి జబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో నోటితో చెబితే నమ్మని మెంబర్లు కంటితో చూస్తే నమ్ముతారని ఆశపడ్డాడు. మనిషి మంచివాడు. గొంతు మాత్రం చిన్నది.

డబ్బా బావిలో పాలెం నీళ్ళు, కాలువలో బట్టలకు పెట్టే నీలిమందు కలిపిన నీళ్ళు పోయాలి. బంట్రోతు వెనక్కి జరిగాడు.

"కాలవ నీళ్ళు నేను ముట్టనండి."

"అది నీలిమందురా!" అన్నాడు గఫార్.

"ఏదైతేనేం? మీరే కాలవన్నారుగా."

దాంతో నీలిమందు కలిపింది హన్నమ్మ. పోసింది హన్నమ్మ. పూలమొక్కలకు నీళ్ళు చల్లే జల్లుడబ్బా పట్టుకుని, వాన కురిపించడానికి పెట్టె పక్కన నిలబడింది కూడా ఆమే.

మెంబర్లు వచ్చారు. చైర్మన్ వెంకట్రామయ్య ఖద్దరు కండువా, బంగారు ఫ్రేము కళ్ళద్దాలు ఉన్న మనిషి. ఆయన వెనక, వక్క నములుతూ బ్రహ్మయ్య.

"ఏంది గఫారూ, దసరా బొమ్మల కొలువా?"

"మన ఊరేనండీ. ఇది పెద్దవీధి. ఇది మీ ఇంటి వెనక కాలువ. ఇది మీ బావి."

"మా బాయి మరీ పాలడబ్బా అంత చేశావేందయ్యా!" అని బ్రహ్మయ్య నవ్వి, డబ్బా మీదికి వంగి చూశాడు. "నీళ్ళు మాత్రం చానా తేటగా ఉన్నయ్యే. ఏ బాయివి?"

"పాలెం బావివండీ."

బ్రహ్మయ్య ఆవిరి తగిలినట్టు మొహం వెనక్కి తీసుకుని, కండువాతో ముక్కు తుడుచుకున్నాడు. హన్నమ్మ అది చూడలేదు. 'చానా తేటగా ఉన్నయ్యే' అన్న మాట దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది. యోబు వింటే ఏమనేవాడో అనుకుంటోంది.

"ఎండాకాలం నేలలో నీళ్ళు లోతుకు పోయి ఉంటాయి. కాలువలోది ఇంకినా, బావి చేరేలోపు మట్టి దాన్ని వడకడుతుంది. వానాకాలం ఏమవుతుందో చూడండి. పొయ్యి హన్నమ్మా," అన్నాడు గఫార్.

ఆమె పోసింది. సన్నటి జల్లు మట్టిమీద పడి ఇంకింది. అద్దం వెనక అడుగున ఇసుక ముదురు రంగుకు తిరిగింది. ఆ తడి గీత అంగుళం అంగుళంగా పైకి లేచింది. లేచి లేచి పలక ముక్కల కాలువ అడుగును తాకింది. తాకగానే ఒక సన్నటి నీలి పోగు, నరంలాగా, ఇసుకలోకి సాగింది. అది పాలడబ్బా చిల్లులను చేరింది. తేటనీళ్ళు ఒక పక్క మసకగా, తరవాత మొత్తం నీలంగా మారాయి. మరోవైపు, కాలువలోకి నీలినీళ్ళు చుక్క కూడా అదనంగా పోయకుండానే, కింది నీరు ఎగదన్ని కాలువ పొంగి పెట్టె అంచు దాటింది. నీలినీళ్ళు నేలమీద కారుతుంటే మెంబర్లు పంచెలు ఎత్తుకుని వెనక్కి జరిగారు.

ఆ వరండాలో అర్థం కానివాడెవడూ లేడు. అజ్ఞానులు, పాపం తెలియదు అని తరవాత ఎవరైనా అంటే నమ్మకండి. అందరూ చూశారు. అందరికీ అర్థమైంది.

"రాళ్ళ సందులన్నీ సిమెంటుతో మూసి, కాలువను రైలు కట్ట దాటించి వాగులో కలపాలండీ," అన్నాడు గఫార్.

వెంకట్రామయ్య కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "సిమెంటు యాడుందయ్యా? రైలు కట్ట కింద తవ్వాలంటే రైలువాళ్ళు ఒప్పుకోవాలె. మన పిల్లకాయలకి పిల్లలు పుడతారు అప్పటికి." కాస్త ఆలోచించాడు. "కాలవ బాయిలకి దూరంగా పోవాలె. అదేగా నువ్వు చెప్పొచ్చేది?"

"అవునండీ."

"పాలెం వెనక లోతట్టు గుంట ఉంది. బజారు దగ్గర మలిపితే గుంటలో పడతది. దూరమేగా?"

"అక్కడా ఇళ్ళున్నాయండీ. వాన పడితే ఆ గుంట పొంగి పాలెం బావి గట్టు చేరుతుంది. ఈ పెట్టెలో జరిగిందే అక్కడా..."

"ఇళ్ళున్నయ్యి. ఎవడు కాదన్నాడు?" అన్నాడు బ్రహ్మయ్య. "వాళ్ళకేం కొత్తా ఇది? రోజూ ఎత్తేదేగా."

కొందరు నవ్వారు. ఆ నవ్వును నేల ఇంకించుకుందో లేదో నాకు తెలియదు.

"అయ్యా," అంది హన్నమ్మ. జల్లుడబ్బా ఇంకా ఆమె చేతిలోనే చుక్కలు రాలుస్తోంది. "మరి మా బాయి?"

అందరూ ఆమె వైపు చూశారు, బల్ల మాట్లాడినట్టు. గఫార్ తల దించుకున్నాడు. వెంకట్రామయ్య మాత్రం దయగా నవ్వాడు. సభలో దయగా నవ్వడం ఆయనకు బాగా అలవాటు.

"మీ బాయికేం కాదులే హన్నమ్మా. ఆ బాయి ఉన్నంతకాలం కాలవ అటు మలిపించను. నా మాట. సరేనా?"

ఆమె డబ్బా కింద పెట్టి రెండు చేతులూ జోడించింది. ఈసారి వేళ్ళు ముడుచుకోవడం మరిచిపోయింది.

బయట నిజం వాన మొదలైంది. బంట్రోతు ఒక పాత గోనెసంచి ఆమెవైపు విసిరాడు. ఒక మూలను రెండో మూలలోకి దోపి, దాన్ని తలమీద కప్పుకుని హన్నమ్మ మళ్ళీ పెద్దవీధి కాలువలోకి దిగింది. పొద్దున తీసిన మడ్డి స్థానంలో కొత్త మడ్డి చేరుతోంది. సాయంత్రానికి వాన వెలిసింది. ఆమె పనిముట్ల కొట్టంలో రేకు, గంప, గోనె వదిలి పాలెం చేరి, బావి దగ్గర నిలబడి చేద మీద చేద తోడి నెత్తిన గుమ్మరించుకుంది.

కోడలు కరుణమ్మ కుండలు నింపుకుంటోంది. ఆమె మొగుడు పేతురు వినుకొండ దగ్గర రైలు గ్యాంగులో పని చేస్తాడు, నెలకోసారి వస్తాడు.

"చేర్మన్‌గారు మాటిచ్చాడే. మన బాయి జోలికి రారంట."

"మాటేగా అత్తా. ఏమని ఇచ్చాడు?"

"బాయి ఉన్నంతకాలం కాలవ ఇటు రాదన్నాడు."

"బాయి యాడికి పోద్ది?"

"అదేగా నేననేది! రాతిలో తొలిచిన బాయి. యాడికి పోద్దే?" హన్నమ్మ నవ్వింది. "బెమ్మయ్యగారు మన నీళ్ళు చూసి చానా తేటగా ఉన్నయ్యన్నాడు. మీ మామ వినుంటే ఊరంతా చెప్పుకునేవాడు."

"ఆయనకో గలాసెడు ఇయ్యకపోయావా, తాగేవాడు!" అంది కరుణమ్మ. అత్తాకోడళ్ళిద్దరూ పగలబడి నవ్వారు.

మూడోనాడు తెల్లవారుజామున హన్నమ్మకు భేదులు పట్టుకున్నాయి. గంజినీళ్ళలాంటి భేదులు. పొద్దెక్కేసరికి కళ్ళు లోపలికి పోయాయి, వేళ్ళ చివరలు ముడతలు పడ్డాయి. ఎన్నడూ వదలని ఆ పగుళ్ళ నలుపు ఒక్కటే అలాగే ఉంది. కరుణమ్మ ఉప్పునీళ్ళు పడుతూ కూర్చుంది. పిక్కలు పట్టేసినప్పుడు రుద్దింది. మధ్యాహ్నం దాటాక హన్నమ్మ చేత్తో సైగ చేసింది, నీళ్ళు అని. కరుణమ్మ లోటా తెచ్చేసరికి ఆ చెయ్యి చాపమీద వెల్లకిలా ఉంది.

అదే రోజు బ్రహ్మయ్య ఇంట్లో ముసలి మేనత్తకు భేదులయ్యాయి. ఆవిడకు డాక్టరు వచ్చాడు, నరంలోకి ఉప్పునీళ్ళు ఎక్కించాడు, బతికింది. సందు ఊడ్చే హన్నమ్మే పాలెం నుంచి జబ్బును మోసుకొచ్చిందని రామలక్ష్మమ్మ ఏడ్చింది. ఆ ఏడుపులో కల్ల లేదు. ఆమె నిజంగానే అలా నమ్మింది. ఊరంతా నమ్మింది. గత్తరతో చచ్చిన మనిషి పాలెం మనిషి గనక, గత్తర పాలెం బావిలోనే పుట్టి ఉండాలి. పెద్దవీధి బావుల నీళ్ళను ఎవరూ పరీక్ష చేయించలేదు.

బావి పూడ్పించమని ఆర్డరు అయింది. దానిమీద సంతకం చేయవలసినవాడు అబ్దుల్ గఫార్. చేశాడు. కూలీలను వెంటబెట్టుకుని తానే వచ్చాడు కూడా. కరుణమ్మ బావి గట్టుమీద కూర్చుంది.

"అయ్యా, మీ గాజుపెట్టెలో పోసింది ఈ నీళ్ళేగా?"

"ఈ నీళ్ళే."

"తేటగా ఉన్నయ్యనేగా తీసకపోయింది?"

"అవును."

"మరింకేంది?"

గఫార్ బావి పక్క పచ్చగడ్డి వైపు చూస్తూ, "లే కరుణమ్మా. ఆర్డరు," అన్నాడు. అతనికి ఇంట్లో నలుగురు పిల్లలట. సంతకం చేసినవాడికి ఎప్పుడూ ఇంట్లో పిల్లలుంటారు.

పూడ్చడానికి మట్టి తవ్వించడం దండగని, కాలువల్లోంచి తీసిన మడ్డినే బండ్లతో తోలుకొచ్చి పోశారు. రాతిలోంచి ఊరిన నీరు రెండు రోజులు ఆ మడ్డితో పెనుగులాడి, నల్లగా పైకి లేచి, బుడగలు చిమ్మి, ఆఖరికి లొంగిపోయింది. పైన సున్నం చల్లారు. తరవాతి మీటింగులో బ్రహ్మయ్య, "బాయే లేకపోయె, ఇంక కాలవకి అడ్డమేముంది?" అన్నాడు. చైర్మన్ మాట తప్పలేదు. బావి ఉన్నంతకాలం కాలువ అటు రాలేదు.

పాలెం ఆడవాళ్ళు మళ్ళీ పెద్దబావి గట్టుకు అవతల కుండలు వరసగా పెట్టుకుని నిలబడుతున్నారు. వాళ్ళలో కరుణమ్మ లేదు. పొద్దున్నే ఆమెకు పని ఉంటుంది. అత్త ఖాళీ చేసిన ఉద్యోగం కోడలికి ఇచ్చి మునిసిపాలిటీ తన ఔదార్యం చాటుకుంది.

మొదటిరోజు ఆమె పనిముట్ల కొట్టం తలుపు తోసినప్పుడు, మూలన మేకుకు గోనెసంచి వేలాడుతూ ఉంది. వాన నీళ్ళకూ మడ్డికీ తడిసి, అలాగే ఎండి, అట్టలాగా బిగుసుకుపోయిన ఆ గోనె లోపల ఇంకా ఒక చిన్న తల పట్టేంత గుండ్రటి ఖాళీ ఉంది.